మడమ కింది తడి

చెరువు పొర పగులుతోంది.

టప్... మని ఒకటి. కాసేపాగి ఇంకొకటి. పెనం మీద మరిచిపోయిన జొన్నరొట్టె బీటలు తీసినట్టు.

కాలువకు నీళ్ళు ఆపేసిన నాటి నుంచీ నీళ్ళు వెనక్కి పోతూనే ఉన్నాయి — చెప్పకుండా లేచిపోయే చుట్టంలా. అవి వదిలిపోయిన అడుసు ఎండకు పొర కట్టింది. పొర నెర్రెలు తీసింది. దూరంగా, కంటికి ఆనేంత దూరంలో, ఒక నీటి మెరుపు మిగిలింది. చెరువు చేపలన్నీ ఇప్పుడు ఆ మెరుపులోనే ఉన్నాయి.

ఇల్లు అక్కడికి పోవాలి.

ఇల్లంటే టైరు బండి. బండి మీద రేకుల గది. గదికి ఒక తలుపు. ఎమ్మిగనూరు అవతల ఈ చెరువులో వల వేసి బతికేవాళ్ళకు ఎండాకాలం ఇల్లు అదే. నీళ్ళు ఎంత వెనక్కి పోతే, ఇల్లు అంత ముందుకు పోతుంది. మగవాళ్ళు తోస్తారు. ఇంటి ఆడది ముందు నడుస్తుంది.

చెప్పుల్లేకుండా.

మడమ కింద నేల గట్టిగా తగిలితే “రానీ” అంటుంది. చక్రాలు కదులుతాయి. ఆమె నోరు మెదపకపోతే ఇల్లు ఆగిపోతుంది.

ఆడది తేలిక కదా, అందుకని — అంటారు మగవాళ్ళు.

దిగబడితే ముందు దిగబడేది ఆమే కదా... ఆ మాట ఎవరూ అనరు.

ఉరుకుందమ్మ మడమలకూ నెర్రెలున్నాయి. ఈ చెరువే ఆ కాళ్ళలోకి ఎక్కిందో, ఆ కాళ్ళే చెరువులోకి దిగాయో. పెళ్ళయి వచ్చిన ఏడాదే అత్త నేర్పింది ఈ నడక. మాటలతో కాదు. వీపు మీద చెయ్యి వేసి. గట్టి నేల మీద ఆ చెయ్యి మెత్తగా ఉండేది. మెత్తటి నేల మీద ఆ చెయ్యి గట్టిపడేది.

వేలు దూరే నెర్రెను నమ్మొచ్చు. దారంలాంటి నెర్రెను నమ్మకూడదు.

పైన ఎండ కాలుస్తున్నా లోపలి నుంచి చల్లగా తగిలితే — అక్కడ చెరువు ఇంకా చావలేదు.

అత్త పోయింది. నడక మిగిలింది.

ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చక్రం దిగబడలేదు. ఒక్కసారి కూడా సోమప్ప, ఆమె మొగుడు, బాగుందనలేదు. ఇల్లు నీళ్ళ దగ్గరికి చేరగానే చక్రాల కింద రాళ్ళు పెట్టి, వల తీసుకుని పోయేవాడు. నేల గట్టిగా ఉంటే అది నేల గొప్ప.

అయినా ఆమె ఎండాకాలం కోసమే బతికేది.

వానలు పడితే ఆదోని. బావ వీరన్న ఇల్లు. ఆ ఇంటి వసారాలో ఒక మూల చాప, ఒక మూల ట్రంకు పెట్టె. వసారాకు తలుపు ఉండదు. వచ్చేవాళ్ళు ఆమెను దాటి వస్తారు, పోయేవాళ్ళు ఆమెను దాటి పోతారు. ఆమె చీర మార్చుకోవాలన్నా ఎవరో ఒకరు లోపలికి పిలవాలి.

బండింటికి తలుపుంది.

ఆ తలుపు ఆమెది. ఆదోనిలో రోడ్డు వెడల్పు చేసినప్పుడు అమ్మ ఇల్లు పడగొట్టారు. గోడలు మట్టయ్యాయి. దూలాలు ఎవరో తీసుకుపోయారు. ఉరుకుందమ్మ తలుపు పట్టుకుని నిలబడింది. నీలం రంగు తలుపు. అమ్మ చెయ్యి ఆనీ ఆనీ గొళ్ళెం దగ్గర రంగు పోయిన తలుపు. దాన్ని ఆటో మీద కట్టి తెచ్చి బండింటికి పెట్టించింది.

రాత్రి ఆ గొళ్ళెం వేసుకున్నప్పుడు ఒక చప్పుడు వచ్చేది.

ఆ చప్పుడే ఆమె ఇల్లు.

మొన్న సాయంత్రం ఆ ఇల్లు పోయింది. అన్నం తినేంత సేపట్లో పోయింది.

ఎమ్మిగనూరు జాతర అయినాక వీరన్న కొడుకు నీలకంఠకు పెళ్ళయింది. పిల్ల కోడుమూరు నుంచి వచ్చింది. అశ్విని. కాలిగోళ్ళకు ఎర్ర రంగు. నవ్వితే కళ్ళు మూసుకుపోతాయి.

“కొత్త కాపురం సోమప్పా,” అన్నాడు వీరన్న రొట్టె తుంచుతూ. “ఈ ఇంట్లో యాడ సాలుతాది? ఆ బండిల్లు పిల్లోనికి ఇచ్చెయ్. మీదేముందప్పా, ఇద్దురే. ఏడాదంతా వసారాలో ఉందురు.”

“సరేలే అన్నా.”

“పిల్లా జెల్లా లేనోళ్ళకు ఇల్లెందుకులే,” అని నవ్వాడు వీరన్న. చెడ్డగా కాదు. వాన రాలేదన్నట్టు.

సోమప్ప ఆమె వైపు తిరిగాడు. ఏదో అడుగుతాడనుకుంది.

“ఇంచుక చెనక్కాయల పొడి వెయ్యి,” అన్నాడు.

వేసింది.

ఈ పొద్దు బండి దగ్గర చెప్పాడు సోమప్ప, మిగిలింది. “పిల్లను పక్కన పెట్టుకుని నడువు. నీ కాలు దానికి నేర్పు. వచ్చే ఏడు నువ్వు రావాల్సిన పన్లేదు.”

ఇల్లు తీసుకున్నారు. ఇప్పుడు కాలు కూడా.

చెరువు పొర మీదికి ఇద్దరూ దిగారు.

“చెప్పులు ఇడిసేదా చిన్నత్తా?”

“ఇడువు.”

“అబ్బ... కాలుతాండాది.”

“కాలనీ. కాలితే మంచిదే.”

వెనక వీరన్న, సోమప్ప, నీలకంఠ బండికి భుజాలు ఆనించారు. నీలకంఠ ఫోను జేబులోంచి తీసి ఒక వీడియో తీసుకుని మళ్ళీ భుజం ఆనించాడు. “చిన్నమ్మా, బాగా నేర్పు. నేను దానికి లైసెన్సు ఇప్పిస్తా,” అన్నాడు. వీరన్న నవ్వాడు. సోమప్ప కూడా నవ్వాడు.

ఉరుకుందమ్మ చెయ్యి పిల్ల వీపు మీదికి పోయింది. తనకు తానే పోయింది. అత్త చెయ్యి ఎలా పోయేదో అలా.

“రానీ.”

చక్రాలు కదిలాయి.

“రానీ... రానీ...”

పిల్ల తొందరగా నేర్చుకుంది. బొటనవేలు కాదు, మడమ ముందు పెట్టాలని చెప్పగానే పట్టుకుంది. ఒకచోట తనే ఆగి, వంగి, దారంలాంటి నెర్రెను చూపించి పక్కకు తిరిగింది. ఇల్లు కూడా పక్కకు తిరిగింది. ఉరుకుందమ్మకు ఒక్క క్షణం — ఒక్క క్షణమే — ఇచ్చేద్దామనిపించింది. అన్నీ. మనసారా.

గాలి వచ్చింది. వెనక తలుపు కొట్టుకుంది.

ఇద్దరూ తిరిగి చూశారు.

“చిన్నత్తా, ఆ తలుపుకు గులాబీ రంగు ఏస్తాం,” అంది అశ్విని. “ఆ నీలం ఏం బాగల్యా. గొళ్ళెం కాడ మరీ గలీజుగుంది.”

ఉరుకుందమ్మ ముందుకు తిరిగింది.

నడిచారు.

మెరుపు దగ్గరైంది. కొంగలు ఒకటీ ఒకటీ లేచాయి. చేపల వాసన. ఎండు నత్తగుల్లలు కాలి కింద పొడి అవుతున్నాయి. అంతలో మడమ కింద —

తడి.

కనిపించదు. అంటదు. పైన కాలుతూనే ఉంది. లోపలి నుంచి మాత్రం చల్లగా, చాటుగా, ఎవరో పిలిచినట్టు...

ఉరుకుందమ్మ ఆగలేదు. పిల్ల ఆగింది.

“చిన్నత్తా. ఈడ చల్లగుంది.”

నేర్చేసుకుంది. ఒక్క పొద్దులో.

వెనక ఇల్లు ఆగి ఉంది. “ఏం, నిద్రపోయినారా ఇద్దురూ?” అని వీరన్న కేక వేశాడు. “రానిచ్చేదా లేదా?”

ఉరుకుందమ్మ చెయ్యి ఇంకా పిల్ల వీపు మీదే ఉంది. అది గట్టిపడాలి. అత్త చెయ్యి గట్టిపడేది. నేల గురించి అబద్ధం ఆడిన ఆడది ఆ ఇంట్లో ఇంతవరకూ లేదు.

చెయ్యి మెత్తగానే ఉంది.

“నీళ్ళ గాలి,” అంది. “ఇంత దగ్గరకొస్తే అట్లే ఉంటాది. గట్టిదే. నువ్వే పిలువు.”

అశ్విని ఆమె ముఖంలోకి చూసింది. తన మడమను నమ్మాలా, ఆ ముఖాన్ని నమ్మాలా... పిల్ల ముఖాన్ని నమ్మింది.

“రానీ.”

ఇల్లు వచ్చింది.

ఎడమ చక్రం కింద పొర విరగలేదు. మెల్లగా వంగింది, పాప కింద గోనెసంచి ఉయ్యాల వంగినట్టు. తర్వాత నల్లగా నోరు తెరిచింది. ఇరుసు దాకా దిగింది. ఇల్లు ఒరిగింది. లోపల గిన్నెలన్నీ ఒకే గోడకు జారిన చప్పుడు. గొళ్ళెం ఊడి తలుపు తెరుచుకుంది, కొసతో అడుసును తాకి, అక్కడే ఆగింది.

మగవాళ్ళు తొడల దాకా దిగి, ఒకరినొకరు పట్టుకుని పైకి వచ్చారు.

అది మనిషి మునిగేంత లోతు కాదు.

ఇల్లు దిగబడేంతే.

“కొత్త కాలు,” అన్నాడు వీరన్న రొప్పుతూ. “ఆ పిల్లను పిలవమన్నదెవురు?”

నీలకంఠ పెళ్ళాం వైపు చూడలేదు. ఫోనును లుంగీకి తుడుచుకుంటున్నాడు.

అప్పుడు సోమప్ప మాట్లాడాడు. అడుసు కారుతున్న కాళ్ళతో, అందరి ముందూ, గట్టిగా.

“మా ఉరుకుందమ్మ కాలయితే ఇట్లయితాండెనా? ఇన్నేండ్లలో ఎప్పుడన్నా తప్పిందా? అది కాలు కాదన్నా, కన్ను.” ఆమె వైపు తిరిగాడు. “ఎండినాక తవ్వి తీస్తాం. కాలువకు నీళ్ళిడిసేలోగా తీయాల. బయటికొస్తే ఇంగ నువ్వే నడవాల. నువ్వు తప్ప ఇంగొకరు వద్దు.”

ఎన్ని ఎండాకాలాలు వేచిందో ఆ మాట కోసం.

వచ్చింది.

నోట్లో అడుసులా ఉంది. ఉమ్మలేదు. మింగలేదు.

అశ్విని పక్కగా, గట్టి నేల మీద కూర్చుంది. ఏడవడం లేదు. ‘చిన్నత్తే పిలవమంది’ అనలేదు. ఒక్కసారి తల ఎత్తి ఉరుకుందమ్మను చూసింది. తర్వాత పాదం ఒళ్ళోకి తీసుకుని, మడమను బొటనవేలితో నొక్కి చూసుకుంటోంది. తనది కానట్టు.

నీలం తలుపు గాలికి ఊగాలని చూసింది. అడుసు పట్టుకుంది.

ఎండ ఎక్కింది.

టప్... మని ఒకటి. కాసేపాగి ఇంకొకటి.

చెరువు పొర పగులుతోంది. పగిలినప్పుడల్లా, గట్టి నేల మీద కూర్చున్న ఆ పిల్ల, కాలు వెనక్కి తీసుకుంటోంది.