స్ప్రింగుల పెట్టె

కిందటి శనివారం మా పాట మధ్యలో పిడుగు పడింది. ఆకాశంలోది కాదు, మా మొదటి గిటారు లైల్ పెట్టెలోది. గిటారు మోతను సముద్రంలో ముంచి తీసినట్టు చేసే స్ప్రింగుల పెట్టె అది. కుర్రకారంతా చిందేస్తూ టైరు చెప్పులతో ఒక్కసారే చెక్క నేలను తొక్కేసరికి స్ప్రింగులు కొట్టుకుని హాలు దద్దరిల్లింది. పాట ఆగిపోయింది.

ఈ శనివారం లాస్ ఏంజెలెస్ నుంచి రికార్డు కంపెనీ మనిషి పెటిగ్రూ వచ్చి ముందు కూర్చున్నాడు. నచ్చితే మా పాట రికార్డవుతుంది. మళ్లీ ఆగితే ఇక అంతే.

"పెట్టె తీసేసి వాయిద్దాం," అన్నాను.

"మనకి పాడేవాడు లేడ్రా రూబెన్. మన గొంతు ఆ పెట్టే," అన్నాడు లైల్.

డ్రమ్ముల నెస్టర్ కర్రలు తిప్పుతూ, "ఎవడైనా దాన్ని ఎత్తుకుని నిలబడాలి. సముద్రంలో అల మీద బోర్డెక్కి నిలబడ్డట్టు మోకాళ్లు వంచి. ఊపంతా కాళ్లే మింగేస్తాయి," అన్నాడు.

అందరూ నన్నే చూశారు. నాది రెండో గిటారు. అది లేకపోయినా పాట నడుస్తుంది. ఆ మాట ఎవరూ అనలేదు.

"వీడా? ప్రతి అలకీ ఒడ్డు దగ్గర బోర్లా పడతాడుగా!" అన్నాడు లైల్.

"ఇవాళ పడన్లే," అని గిటారు గోడకు ఆనించాను. వాయిస్తానని అమ్మతో చెప్పి వచ్చాను.

పాట మొదలైంది. పెట్టెను గుండెకు హత్తుకున్నాను. జనం తొక్కుడు అందుకున్నారు. నేల ఎగిరిపడుతోంది, నా మోకాళ్లు దిగుతున్నాయి, లేస్తున్నాయి. పెట్టె కిక్కురుమనలేదు. లైల్ తీగ మీద వేళ్లు జారుస్తుంటే అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చిపడుతున్నాయి. తొడలు మంటెత్తాయి. చెమట కళ్లలోకి కారింది. పెటిగ్రూ ముఖం రాయిలా ఉంది.

చివరి మోత దగ్గర ఎడమ కాలు పట్టేసింది. పెట్టెతో సహా మోకాళ్ల మీద కూలబడ్డాను. లోపల స్ప్రింగులు కొట్టుకుని, పెద్ద అల విరిగిపడ్డట్టు హాలంతా హోరెత్తింది. లైల్ పళ్లు కొరుకుతూ నావైపు తిరిగాడు.

అప్పటికే జనం కేకలు పెడుతున్నారు. పెటిగ్రూ వేదిక దగ్గరకు వచ్చాడు.

"చివర్లో అల విరిగిందే, అది రికార్డులో కూడా ఉంటుందా?"

లైల్ రెప్పయినా వేయలేదు. "ఉండకపోతే ఎలా సార్? దానికోసమే వీణ్ణి పెట్టుకున్నాం."

"మరి నా గిటారో?" అన్నాను, పెట్టె వదలకుండానే.

"ముందు లేవరా," అన్నాడు నెస్టర్, చేయి అందిస్తూ.