దీవిలో బోణీ

చింతామణిలో కిరాణా అంగడికి మొదటిసారి తాళం వేసి, పట్టాభిరామ భార్య సులోచనతో అండమాన్ వచ్చాడు. చవక హోటలు. స్నానాల గది కూడా బయటే. అయినా కిటికీలో సముద్రం కనిపించగానే ఆమె అంగడి మాట మరచి నవ్వింది.

పొద్దున్నే హోటలు ఓనరు, కౌంటరు కాస్త చూస్తుండమని పట్టాభిరామకు చెప్పి చేపలు కొనడానికి వెళ్ళాడు. కౌంటరు వెనక కూర్చోగానే పట్టాభిరామ వెన్ను నిటారైంది. వచ్చినప్పటి నుంచి లేని నెమ్మది లోపల కుదిరింది. అంతలో ఒక జంట వచ్చి గది అడిగింది. ఒక్కటీ ఖాళీ లేదు. కానీ బోణీ బేరాన్ని లేదని తిప్పి పంపడం అతని వంశంలోనే లేదు. అతన్ని అడక్కుండానే అతని చెయ్యి జేబులోని తాళంచెవి తీసి ఇచ్చేసింది.

స్నానం చేసి గదికి వెళ్ళిన సులోచన పరుగున కౌంటరు దగ్గరకు వచ్చింది.

"మన రూములో ఎవురో ఉండారు!"

"మొదటి బేరం సులోచనా. ల్యాదని ఎట్ల పంపేది?"

"అంగడి మనదా? యాడ పండుకునేది మనం?"

అతను బదులు చెప్పేలోపే గేటు దగ్గర ఇంకో ఆటో ఆగింది. అతని ముఖం వెలిగింది.

"లేయండి పైకి!" అంది సులోచన, అతని చెయ్యి పట్టి లాగుతూ. "ఈసారి నన్ను ఇచ్చేస్తారు!"