అడుగు గీరుకోని రోజు

ఆ మంగళవారం పొద్దున తొమ్మిది నలభై లోపల మేష్టారు చేయవలసిన పనులు ఇవి.

కారు స్టార్ట్ చేసి, ఇంజను వెచ్చబడేదాకా యాక్సిలరేటర్ జోలికి పోకుండా కూర్చోవడం.

కూతుర్ని బడి దగ్గర దించడం. అంటే ముందు భార్యను దించి, ముందు సీటు వంచి, వెనక ఇరుక్కున్న కూతుర్ని, కూతురి వెనక ఇరుక్కున్న పుస్తకాల సంచిని బయటికి లాగి, సీటు లేపి, భార్యను మళ్ళీ ఎక్కించుకోవడం.

భార్యను ఆమె పనిచేసే గ్రంథాలయం దగ్గర దించడం.

ఇంటికి వచ్చి, ఆపే ముందు ఇంజనును రెండు నిమిషాలు ఊరికే తిరగనివ్వడం.

రెండు తలగడలను ఒకదానిమీద ఒకటి కట్టి ముందు సీట్లో కూర్చోబెట్టడం. బెల్టు పెట్టడం. పైన అమ్మ శాలువా కప్పడం.

సరిగ్గా తొమ్మిది నలభైకి అన్న షెడ్డు ముందు నుంచి పోవడం. పోతూ రెండుసార్లు హారన్ కొట్టడం.

అమ్మను కారెక్కించడం మాత్రం ఈ పనుల్లో లేదు. అమ్మ ఇంట్లో కిటికీ పక్క కుర్చీలో, పట్టు తప్పిన ఎడమ కాలిని ముక్కాలిపీట మీద పెట్టుకుని కూర్చుని ఉంది. మేష్టారు తలగడలకు బెల్టు పెడుతుంటే కిటికీలోంచి చూసి, "కాస్త వెనక్కి వాల్చరా, నేనెప్పుడూ అంత నిటారుగా కూర్చోను" అని సలహా కూడా ఇచ్చింది.

ఇది ఇంతదాకా ఎలా వచ్చిందో చెప్పాలంటే కారు సంగతి చెప్పాలి.

మేష్టారు కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాడు. వాళ్ళ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆయనే. ఆయన చదవడం కోసం ఏడో తరగతిలో బడి మానేసి రెంచీ పట్టుకున్నవాడు అన్న. అన్న ఈ మాట ఒక్కసారి కూడా అనలేదు. అనకపోవడం వల్ల మేష్టారి మీద ఆ బరువు రెండింతలైంది. ఎవరో గోడకు గుద్ది తుక్కు కింద వదిలేసిన రెండు తలుపుల స్పోర్ట్స్ కారును అన్న తెచ్చుకుని, నాలుగేళ్ళ పాటు తీరిక దొరికినప్పుడల్లా దాని కింద వెల్లకిలా పడుకుని మళ్ళీ బతికించాడు. తమ్ముడికి ఉద్యోగం ఖాయమైన రోజున తాళం చెవి తెచ్చి వాడి చేతిలో పెట్టాడు.

"నాకెందుకన్నా? నువ్వు తిరుగు."

"నేనా? ఈ నూనె బట్టలతో అందులో కూర్చుంటే దొంగిలించాననుకుంటారు. మా చిన్నోడు లెక్చరర్. వాడు ఇందులోంచి దిగాలి, నేను చూడాలి."

కారు లోపల ఏముందో మేష్టారికి పుస్తకాల్లో తెలుసు. బయటికి పోయే పొగ పోతూ పోతూ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇంజనులోకి ఇంకాస్త గాలి కూరుతుంది, దాన్నే టర్బో అంటారు. అన్న మాటల్లో అయితే, "సిలిండర్లు నాలుగేరా, ఊపిరి మాత్రం ఆరింటిది." వేగం అందుకునేటప్పుడు అది సన్నగా ఈల వేస్తుంది. వీధి పిల్లలు దానికి ఈలబండి అని పేరు పెట్టారు. ఆ ఈల ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళకు సంతోషం. మేష్టారి కుటుంబానికి మాత్రం ఆ కారు ఒక బిగుతు చొక్కా. కూతురికి వెనక సీట్లో వాంతులు. కూరగాయలు తేవాలంటే కూతుర్ని ఇంట్లో వదలాలి. గొడుగు అడ్డంగా పట్టదు, నిలువుగా నిలవదు. భార్య ఒకసారి, "ఏవండీ, ఇది కారా, మనల్ని పోసి మూత పెట్టిన డబ్బానా?" అంది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. వారం వారం అన్న వచ్చి, పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒక కొన ఇంజను మీద, ఇంకో కొన చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటుంటే ఎవరికైనా ఏం చెప్పబుద్ధవుతుంది?

ఇలా ఉండగా అమ్మకు ఎడమ పక్క పడిపోయింది. ప్రాణానికి ప్రమాదం తప్పింది. వారానికి మూడు రోజులు, మంగళ, గురు, శనివారాలు, ఆసుపత్రికి తీసుకురావాలన్నారు. అక్కడ కాలికి వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు అమ్మాయి మొదటి రోజే తెగేసి చెప్పింది.

"సార్, మొదటి మూడు నెలలే మన చేతిలో ఉన్నాయి. ఈలోపల కాలు కదిలిందా, ఆవిడ నడుస్తుంది. బిగుసుకుపోయిందా, ఇక నేను చేయగలిగింది తక్కువ. ఒక్క రోజు కూడా మానొద్దు. కడ్డీలూ యంత్రాలూ ఇక్కడే ఉంటాయి, ఇంటికి రావు."

ఆసుపత్రికి పోయే దారిలోనే అన్న షెడ్డు. షెడ్డు ముందే పెద్ద స్పీడ్ బ్రేకర్. ఆ మూడు రోజులూ తొమ్మిది నలభైకి అన్న చేతిలో పని ఆపి గుమ్మంలో నిలబడేవాడు, తాను కట్టిన బండిలో అమ్మ పోవడం చూడడానికి.

మొదటి నాలుగుసార్లు భార్య సెలవు పెట్టి వచ్చింది. ఒకరు భుజాలు, ఒకరు కాళ్ళు పట్టుకుని ఎలాగో దించారు. ఆ సీటు నేలకు జానెడు ఎత్తులో, గంగాళంలా లోతుగా ఉంటుంది. ఎక్కడం సులువే, అందులోకి ఎవరైనా పడిపోవచ్చు. రావడమే కష్టం. అయిదోసారి, శనివారం నాడు, సెలవులు అయిపోయి భార్య రాలేదు. ఆసుపత్రి వరండా ముందు మేష్టారు ఒక్కడే లాగాడు. అమ్మ రాలేదు. గేటు దగ్గరి కాపలాదారు వచ్చాడు. ఇద్దరూ లాగారు. రాలేదు.

"నన్నిక్కడే ఉంచి, ఆ అమ్మాయినే కారులోకి రమ్మనరా" అని మొదట అమ్మే నవ్వింది.

ఇంతలో వెనక ఆంబులెన్సు వచ్చి హారన్ మోగించింది. జనం చేరారు. తలా ఒక సలహా. ఒకడు ఫోను ఎత్తి పట్టుకున్నాడు. అమ్మ కట్టుకున్న బట్ట మోకాలి పైకి తొలగింది, ఎడమ చేయి పనిచేయక, కుడి చేయి లాగేవాళ్ళ పట్టులో ఉండి సర్దుకోలేకపోయింది. చివరకు నలుగురు కలిసి దుప్పటి మీదికి జార్చి, నేల మీద కూర్చోబెట్టి, అక్కడి నుంచి లేపారు. అమ్మ అప్పుడు నవ్వలేదు.

ఇంటికి వచ్చాక అంది, "నేనిక అక్కడికి రాను."

"టాక్సీలో పోదామమ్మా. ఎత్తుగా ఉంటుంది."

"ఏ బండిలో పోయినా అదే వరండా కదా. అదే మొహాలు కదా."

"అయితే అన్నకు చెబుతాను. ఈ కారు అమ్మేసి మామూలుది కొనుక్కుందాం."

అమ్మ కుడి చేత్తో ఆయన మణికట్టు పట్టుకుంది. జబ్బు మనిషి పట్టులా లేదు. "నాలుగేళ్ళు వాడు ఆ బండి కింద పడుకున్నాడు. నా వల్ల దానికి మాట రాకూడదు. నా మీద ఒట్టు, నువ్వు నోరు మెదపకు. వాడికి మాత్రం ఎప్పటిలాగే పోతున్నట్టు ఉండాలి."

అలా పుట్టాయి తలగడలు. ఎమ్మెస్సీ దాకా చదివిన మనిషి, పిల్లలకు బలాలూ భారాలూ పాఠం చెప్పే మనిషి, రెండు తలగడలకు శాలువా కప్పి ఊళ్ళో తిప్పాడు. షెడ్డు రోడ్డుకు కాస్త లోపలికి ఉంటుంది కాబట్టి కనబడదనుకున్నాడు. మంగళవారం రెండుసార్లు హారన్ కొట్టాడు. అన్న చేయి ఊపాడు. మేష్టారు ఆసుపత్రి మలుపు దాటి, ఒక ఖాళీ స్థలం పక్కన కారు ఆపి, వ్యాయామానికి పట్టే ముప్పావుగంట తలగడల పక్కన కూర్చున్నాడు. అద్దాలు ఎక్కించే ఉన్నాయి. లోపల చెమట పట్టినా దించలేదు, ఎవరైనా తెలిసినవాళ్ళు పలకరిస్తారని.

గురువారం కూడా అంతే. ఆ రోజు ఫిజియోథెరపిస్టు ఫోన్ చేసింది. "సార్, రెండు రోజులు పోయాయి. మీరు చదువుకున్నవాళ్ళు, మీకు నేనేం చెప్పను?" చదువుకున్నవాళ్ళు అనే మాట ఆయనకు చెంప మీద తగిలినట్టయింది. ఇంటికి పోయి అమ్మ పాదం వంచి చూశాడు. వారం కిందట వంగినంత వంగలేదు. అమ్మ నొప్పి దాచుకోవడానికి కిటికీ వైపు చూసింది.

ఆ సాయంత్రమే కాలేజీలో రసాయనశాస్త్రం లెక్చరర్‌ను పట్టుకుని, కారు కొంటారా అని అడిగాడు. ఆయన బ్రహ్మచారి, ఈలబండి అంటే పడి చస్తాడు. "మీరు ఊఁ అంటే రేపే తీసుకుపోతాను మేష్టారూ" అన్నాడు. మేష్టారు రాత్రంతా ఒక వాక్యాన్ని తయారుచేశాడు. 'అన్నా, ఒట్టు తప్పుతున్నాను, ఈ కారు మనకు సరిపడదు.' అంతే. పది మాటలు కూడా లేవు. అద్దం ముందు చెబితే బాగానే వచ్చింది.

శనివారం తొమ్మిది నలభైకి అన్న గుమ్మంలో లేడు. స్పీడ్ బ్రేకర్ మీదే, రోడ్డు మధ్యలో, చేయి అడ్డం పెట్టి నిలబడ్డాడు. మేష్టారు బ్రేకు తొక్కి కారు ఆపాడు. అన్న చుట్టూ తిరిగి వచ్చి అవతలి తలుపు తీశాడు. శాలువా జారి, తలగడ మూల బయటపడింది. అన్న దాన్ని వేలితో నొక్కి చూశాడు.

"అమ్మ బాగా చిక్కిపోయిందిరా" అన్నాడు.

మేష్టారు జారిన శాలువాను పైకి లాగాడు.

"అమ్మ కూర్చుంటే ఈ బ్రేకర్ మీద ఎడమ పక్క కారు అడుగు గీరుకుంటుంది. ఎంత మెల్లగా పోనిచ్చినా గీరుకుంటుంది, నాకు తెలుసు. మంగళవారం గీరుకోలేదు. రోడ్డు అరిగిందేమో అనుకుని స్కేలు పెట్టి కొలిచాను. గురువారమూ గీరుకోలేదు. అప్పుడు ఆసుపత్రికి పోయి అడిగాను. గేటు దగ్గర కాపలా ఉండే ఆయన అంతా చెప్పాడు. దుప్పటితో సహా."

"అన్నా, ఈ కారు..."

"మాట్లాడకు."

"కాదన్నా, ఒక్క మాట..."

"ఒరేయ్ చిన్నోడా, తాళం ఇవ్వు. నా మోపెడ్ తీసుకుపో. మంగళవారం పొద్దున అమ్మను తయారుగా ఉంచు."

అన్న గొంతులో కోపం లేదు. ఉంటే ఆ వాక్యం బయటికి వచ్చేదే. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. మేష్టారు తాళం చెవి ఇచ్చి, రెండు తలగడలు మోపెడ్ వెనక కట్టుకుని ఇంటికి పోయాడు. దారంతా ఆయన మనసులో ఒక ఆశ. అన్నకు అర్థమైంది. అన్నే అమ్మేస్తాడు. మంగళవారానికి నాలుగు తలుపుల కారు ఏదో ఒకటి తెస్తాడు. ఆ మూడు రోజులూ మోపెడ్ మీద తిరుగుతుంటే ఒంటికి గాలి తగిలింది. పాపం, ఆయన ఈల కూడా వేశాడట. భార్య చెప్పింది.

మంగళవారం తొమ్మిదికి వీధి మొదట్లో టర్బో ఈల వినిపించింది.

వచ్చింది అదే కారు. కాకపోతే నాలుగంగుళాలు పైకి లేచి, బురదలో అడుగుపెట్టడానికి ఇష్టపడని కోడిలా నడుస్తోంది. అన్న దిగి అవతలి తలుపు తీశాడు. లోతు సీటు లేదు. దాని చోట పాత వ్యానులోంచి తీసిన ఎత్తు కుర్చీ, కింద తిరిగే చట్రం. ఒక మీట నొక్కగానే కుర్చీ గిర్రున తిరిగి, తలుపులోంచి బయటికి వచ్చి, అమ్మ మోకాళ్ళ ఎత్తున నిలబడింది. రెండే తలుపుల కారు కాబట్టి తలుపు మరీ వెడల్పు, అది ఇప్పుడు కలిసొచ్చింది. కుర్చీ పట్టడానికి లోపల పక్క రేకు కోసి, మళ్ళీ అతుకు వేశాడు. అతుకు మీద రంగు ఇంకా ఆరలేదు. నాలుగేళ్ళు గోరుతో కూడా గీత పడనివ్వనివాడు రంపం పెట్టాడు.

"కూర్చో అమ్మా."

"ఎందుకురా ఇదంతా? దాని అందమంతా..."

"అందం సంగతి నేను చూసుకుంటాను. నువ్వు కూర్చో. ఆ వరండాలో ఎవడూ నిన్ను ముట్టుకోనక్కర్లేదు."

అమ్మ పెద్దకొడుకు మొహం చూసింది, అతుకు చూసింది. ఇక రానని అనడానికి ఆమెకూ దారి లేకపోయింది. కూర్చుంది. ఆ రోజు ఆసుపత్రి ముందు కుర్చీ తనంతట తాను తిరిగి బయటికి వస్తే కాపలాదారు చప్పట్లు కొట్టాడు. అమ్మ కర్ర పట్టుకుని తనే లేచింది. గంట తర్వాత ఫిజియోథెరపిస్టు బయటికి వచ్చి, "పోయిన వారాన్ని మళ్ళీ లాక్కొస్తాం సార్, మానకపోతే చాలు" అంది.

సాయంత్రం రసాయనశాస్త్రం లెక్చరర్ వచ్చి కారు చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. "అయ్యయ్యో, గుర్రాన్ని ఒంటెను చేశారే!" అని, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆయన పోయాక అన్న బండి మీద చెయ్యి వేసి, తృప్తిగా అన్నాడు. "దీన్నిక ఎవడూ కొనడురా. ఎప్పటికీ మీ ఇంట్లోనే. ఎలా ఉంది?"

ముందు కుర్చీ ఇప్పుడు వంగదు. వెనక సీట్లోకి ఇక ఎవరు ఎప్పుడు ఎక్కాలన్నా మేష్టారు దిగి, తన సీటు వంచి, తన పక్క నుంచి ఎక్కించాలి. ఆయన తయారుచేసుకున్న వాక్యం గొంతు దాకా వచ్చింది. అన్న వేళ్ళకు రంపం తగిలిన గాట్లు కనిపించాయి.

"బాగుందన్నా" అన్నాడు.

"బాగుందంటే?"

"చాలా బాగుందన్నా."

అమ్మ ఇప్పుడు కర్రతో వీధి చివరి దాకా నడుస్తుంది. మేష్టారు ఇప్పటికీ ఆ కారులోనే కాలేజీకి పోతాడు. మీ దారిలో ఎప్పుడైనా, పొడుగు కాళ్ళ మీద నిలబడ్డ ఒక స్పోర్ట్స్ కారు, లోపల నలుగురు ఇరుక్కుని, ఈల వేసుకుంటూ పోతుంటే, నవ్వుకోండి, తప్పు లేదు. నవ్వయ్యాక మాత్రం ఒక్క క్షణం, నాలుగేళ్ళు ప్రాణం పెట్టి కట్టుకున్నదాన్ని మూడు రోజుల్లో తన చేతుల్తో కోసేసిన ఆ ఏడో తరగతి మెకానిక్కును తలచుకోండి. ఆయన మంచితనం ఎవరికి ఎంత ఇరుకైందో ఆయనకు తెలియదు. దయచేసి చెప్పకండి కూడా.