చాలా బాగుందిరా

నా తమ్ముడు నారింజ తొనల్ని గింజలతో సహా మిక్సీ జారులో వేస్తున్నాడు. గింజలు నలిగితే రసం చేదెక్కుతుందని తెలియనివాడు ఈ భూమ్మీద వీడొక్కడే అయ్యుంటాడు. అయినా నేను మాట్లాడలేదు. ముఖాన ఒక నవ్వు అతికించుకుని గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను.

"గింజలు తియ్యాలా అక్కా?" అన్నాడు.

"నీ ఇష్టంరా. నువ్వెలా చేసినా బాగుంటుంది."

నన్ను ఎరిగినవాళ్ళు ఈ మాట వింటే నాకు జ్వరం వచ్చిందనుకుంటారు. నేను బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తాను. కుట్టు పూర్తయి వచ్చిన చొక్కాల్లో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. కాలరు ఒక పక్కకి దిగిందా, గుండీ కింద దారం వేలాడుతోందా, జేబు మీది గీత చొక్కా గీతతో కలవలేదా, చూసిన మరుక్షణం ఎర్ర స్టిక్కరు అంటించి పక్కన పడేస్తాను. ఇంటికొచ్చాక కూడా ఆ కన్ను మూతపడదు. మా ఆయన కార్లు నడపడం నేర్పుతారు. నేర్చుకునేవాడు కారుని తిన్నగా చెట్టు మీదికి తోలుతున్నా "నెమ్మదిగా బాబూ, నెమ్మదిగా" అనగల మనిషి. ఆ ఓపికంతా నాతో కాపురం చేసి సంపాదించుకున్నానని అందరి దగ్గరా చెప్పుకుంటారు.

అలాంటి నా నోటికి తాళం పడి కొన్ని నెలలైంది. తాగుడు మానడానికి ఆసుపత్రిలో చేరిన నా తమ్ముడు అక్కణ్ణుంచి సరాసరి మా ఇంటికే వచ్చాడు. పంపేముందు అక్కడి డాక్టరమ్మ మా ఆయన్నీ నన్నూ కూర్చోబెట్టి, "కొన్నాళ్ళు ప్రతిదానికీ తప్పులెంచకండి, నిలదీయకండి" అని చెప్పింది. ఆవిడ ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడకుండా ఉండటానికి మా ఆయన ఎంత అవస్థ పడ్డారో నాకు తెలుసు. ఆవిడ చెప్పకపోయినా నేను నోరు మూసుకునేదాన్నే. కిందటిసారి వాడు మానేసి బాగానే ఉన్నాడు. కుళాయి కట్టలేదని నేను ఒక పొద్దున దులిపేశాను. ఆ సాయంత్రమే మళ్ళీ మొదలుపెట్టాడు. బొట్లు కారే కుళాయి కోసం తమ్ముణ్ణి పోగొట్టుకోబోయానన్న సంగతి నన్ను నిద్రలో కూడా వదల్లేదు.

అసలు బాధ ఈ నారింజ గింజలు కాదు. మొన్న గురువారం వాడు పని నుంచి బాగా ఆలస్యంగా వచ్చాడు. ఫోను తియ్యలేదు. వాడొచ్చేదాకా నేను కిటికీకీ తలుపుకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాను. తలుపు తియ్యగానే 'తాగావా?' అన్న మాట నాలుక చివరికొచ్చింది. మింగేసి, "అలిసిపోయుంటావు, తిని పడుకో" అన్నాను. వాడు కాసేపు గుమ్మంలోనే నిలబడి లోపలికి పోయాడు. అప్పట్నుంచి ఆ ప్రశ్న గొంతులో ముల్లులా ఉంది. నాకు ఆ ఒక్కటీ తెలిస్తే చాలు. కానీ అడిగాక, అక్క కూడా నమ్మట్లేదని వాడు మళ్ళీ ఆ దారే పడితే?

ఇక ఈ ఆదివారం సంగతి. మా ఆయనతో పనిచేసే ఇద్దరు తమ భార్యల్ని తీసుకుని వస్తున్నారు, టిఫినుకీ భోజనానికీ మధ్యలో అన్నమాట. ఇలాంటి పూట ఇదివరకైతే మా ఇంట్లో నురగలు కక్కే వైను సీసా తెరిచి, పళ్ళరసంలో కలిపి, పొడవాటి గ్లాసుల్లో ఇచ్చేవాళ్ళం. వీడొచ్చాక ఆ సీసా మా గడప తొక్కలేదు. అది వాడికి చిన్నతనంగా తోచినట్టుంది. "నా మూలాన మీ స్నేహితులు మంచినీళ్ళు తాగి పోవాలా బావా? రంగూ, పండూ, నురగా అన్నీ ఉండేట్టు, ఆ ఒక్కటీ లేకుండా నేను చేసిపెడతా" అన్నాడు. మా ఆయన "భేష్" అన్నారు. నేను వంటగది అప్పగించాను.

ఎందుకు అప్పగించానా అని ఇప్పుడు నా తల నేనే మొత్తుకుంటున్నాను. స్ట్రాబెర్రీల తొడిమలు సగం ఊడాయి, సగం గిన్నెలోనే ఉన్నాయి. తేనె చెంచాని గట్టు మీద బోర్లా పెట్టాడు. పిండిన నిమ్మచెక్కల్ని పక్కనే ఉన్న చెత్తబుట్టలో వేస్తే సరిపోయేదానికి, నేను పొద్దున్నే తళతళలాడేలా తుడిచిన పొయ్యి మీద వరసగా పేర్చాడు. దేన్ని చూసినా నా చేతికి ఎర్ర స్టిక్కరు కావాల్సి వచ్చింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను.

ఇది పెద్ద విద్యేమీ కాదు. పండ్ల గుజ్జు వడకట్టాలి, చల్లబరచాలి, గ్లాసులో సగానికి తక్కువగా పోసి, చల్లటి సోడాని గ్లాసు అంచు వెంబడి మెల్లగా జార్చాలి. గరిటె పెట్టి తిప్పకూడదు. అంతే. వాడు సోడా సీసా మూత తీసి, సీసాడు సోడానీ మిక్సీ జారులోకి వంచేశాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "ఒరే..." అని అరవబోయి, దాన్ని దగ్గు కింద మార్చేశాను.

"ఏంటక్కా?"

"ఏం లేదు. పొలమారింది."

వాడు మూత పెట్టి మీట తిప్పాడు. ఢామ్మని చప్పుడైంది. మూత వెళ్ళి గోడ గడియారానికి తగిలింది. ఎర్రటి గుజ్జు పైకప్పుదాకా లేచి, లైటు మీద, తెల్లటి పలకల మీద, నా జుట్టు మీద, ఇవాళే కట్టిన లేత పసుపు చీర మీద పడింది. ఒక స్ట్రాబెర్రీ తొడిమ నా కనుబొమ మీద అతుక్కుంది. మా ఆయన హాల్లోంచి పరిగెత్తుకొచ్చారు. ముందు పైకప్పు చూశారు, తర్వాత నన్ను చూశారు, ఆ తర్వాత వెనక్కి అడుగులేసి మాయమయ్యారు.

"పర్లేదురా," అన్నాను. అది నా గొంతేనా అని నాకే అనుమానం వచ్చింది. "ఇల్లన్నాక ఇలాంటివి అవుతుంటాయి. పైకప్పుకి ఎలాగూ రంగు వెయ్యాలనుకుంటున్నాం."

వాడు నవ్వలేదు. "నిజంగా పర్లేదా?"

"అబ్బే, దీనికే?"

వాడి ముఖం మాడిపోయింది. నాకు ఒళ్ళు మండింది. నెత్తి మీంచి గుజ్జు కారుతున్నా నవ్వుతూ నిలబడ్డానే, ఇంతకంటే ఏం కావాలి వీడికి?

"నువ్వెళ్ళి చీర మార్చుకో. నేనిదంతా తుడిచి మళ్ళీ చేస్తా," అన్నాడు.

స్నానాలగదిలోకి వెళ్ళి గడియ పెట్టి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, ఇన్ని నెలలుగా దాచిపెట్టిన తిట్లన్నీ తిట్టాను. తలుపునీ, బకెట్టునీ, డాక్టరమ్మనీ ఎవర్నీ వదల్లేదు. కాస్త ఊపిరాడింది. తల కడుక్కుని, ముతక చీర చుట్టుకుని బయటికొచ్చాను.

వంటగది తుడిచేశాడు. పైకప్పు మాత్రం అలాగే ఉంది. గట్టు మీద రెండు పొడవాటి గ్లాసులున్నాయి. అడుగున చిక్కటి ఎరుపు, నడుమ నారింజ రంగు, పైన తెల్లటి నురగ. అంచుకి నారింజ చెక్క కూడా గుచ్చాడు. చెప్పొద్దూ, కళ్ళకి ఎంతో ముచ్చటగా ఉంది. ఈసారి సోడా ఎలా పొయ్యాలో వాడికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"తాగి చూడక్కా."

ఒక గుక్క తాగాను. ఉప్పు. చిటికెడో రెండు చిటికెలో కాదు, గుప్పెడు వేసినట్టుంది. నాలుక ముడుచుకుపోయింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"చాలా బాగుందిరా," అన్నాను.

"తీపి సరిపోయిందా?"

"సరిగ్గా సరిపోయింది."

"అయితే మొత్తం తాగెయ్."

తాగాను. ముక్కు మూసుకోవాలనిపించినా మూసుకోలేదు. వాడు నా వంకే చూస్తున్నాడు. రెండో గ్లాసు తీసుకుని హాల్లోకి "బావా" అని కేకేశాడు. మా ఆయన వచ్చి, ఒక గుక్క మింగి, గుడ్లు తేలేసి, "అమోఘం! మా వాళ్ళు అదిరిపోతారు" అని, మూతి తుడుచుకుంటూ నీళ్ళసీసా కోసం ఫ్రిజ్ తెరిచారు.

"ఉప్పు నేనే వేశాను," అన్నాడు తమ్ముడు. "కావాలనే వేశాను."

మా ఆయన సీసా పట్టుకుని అలాగే ఆగిపోయారు.

"నీకేమైనా పిచ్చా?" అన్నాను.

"హమ్మయ్య, ఒక్క మాటైనా అన్నావు. గుజ్జంతా నెత్తిన పడితే 'పర్లేదురా' అన్నావు చూడు, అప్పుడే అనుకున్నా, చూద్దాం ఎంతదాకా పోతుందోనని. గ్లాసు ఖాళీ చేశావు కదక్కా!" వాడు ఆ ఖాళీ గ్లాసు ఎత్తి చూపించాడు. "రోజూ పొద్దున నాతో ఏమంటావు? 'ముఖంలో కళ వచ్చిందిరా, బాగుపడ్డావు' అంటావు. ఆ మాట పట్టుకునే నేను పనికెళ్తున్నా. ఇప్పుడు ఈ ఉప్పునీళ్ళని కూడా అదే గొంతుతో బాగుందన్నావు. మరి నేను బాగుపడ్డానన్న మాట ఎలా నమ్మను?"

ఆ మాట నాకు సూటిగా తగిలింది. కోపం వచ్చింది. వచ్చిన కోపం ఇక ఆగలేదు.

"చండాలంగా ఉంది! వాంతొచ్చేలా ఉంది! గింజలు తియ్యకుండా రసం తీసేవాణ్ణి నిన్నే చూశాను. సోడాని మిక్సీలో వేసేవాడికి బుర్రుందా? ఆ పైకప్పు ఎవడు తుడుస్తాడు, మీ బావా? ఆ చీర ఇక మసిగుడ్డకి తప్ప పనికిరాదు. అంతా మింగుకుని నవ్వుతుంటే నీకు పరీక్షలు పెట్టాలనిపించిందా? ఎందుకు మింగుతున్నానో తెలుసా నీకు? నేను తిడితే నువ్వు మళ్ళీ పోతావని! కుళాయి గురించి అన్నందుకే కదరా అప్పుడు..."

"కుళాయా?" వాడు నోరు తెరిచాడు. "అక్కా, నువ్వు కుళాయి గురించి తిట్టేసరికే సీసా కొనితెచ్చి బ్యాగులో పెట్టుకున్నా. నువ్వు ముద్దు పెట్టుకుని పంపినా ఆ సాయంత్రం తాగేవాణ్ణే. ఇన్నాళ్ళూ అది నీ నెత్తినేసుకుని తిరుగుతున్నావా?"

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మా ఆయన సీసా మూత తీసి నా చేతికిచ్చారు. నీళ్ళు తాగాను. ఇప్పుడు అడక్కపోతే ఇక ఎప్పటికీ అడగలేనని అర్థమైంది.

"గురువారం తాగావా?"

మా ఆయన "ఏమోయ్" అన్నారు మెల్లగా. నేను ఆయన వైపు చూడలేదు.

"లేదక్కా," అన్నాడు తమ్ముడు. "కానీ వైను షాపు ఎదురుగా చాలాసేపు నిలబడ్డా. ఫోను మోగుతుంటే చూస్తూనే ఉన్నా. ఆఖరికి ఎలాగో వెనక్కి తిరిగి, బస్సెక్కితే మళ్ళీ ఎక్కడ దిగిపోతానోనని నడుచుకుంటూ వచ్చా. నువ్వు తలుపు తియ్యగానే 'తాగావా' అంటావు, అప్పుడు అంతా చెప్పేద్దాం అనుకుంటూ వచ్చా దారంతా. నువ్వేమో తిని పడుకోమన్నావు."

బయట గంట మోగింది. అతిథులు. వాళ్ళ నవ్వులు వీధి తలుపు సందుల్లోంచి వినిపిస్తున్నాయి. మా ఆయన నా ముఖం చూశారు.

"వాళ్ళని కాసేపు హాల్లో కూర్చోబెట్టండి," అన్నాను. ఆయన వెళ్ళి వంటగది తలుపు దగ్గరికి వేశారు.

రెండో కుర్చీ కాలితో తమ్ముడి వైపు తోశాను. "కూర్చో. అసలు ఆ షాపుదాకా ఎందుకెళ్ళావు? మొదట్నుంచీ చెప్పు. అబద్ధమాడావంటే చెంప పగులుతుంది."

వాడు కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు.