పిండి గదిలో ఈతగాడు

ఓడలో నా పని రొట్టెలు కాల్చడం. ఆ వారం మాత్రం అందరూ నన్ను కేకు మాస్టారనే పిలిచారు. సముద్రంలో దిగిన వ్యోమగాముల్ని ఏ ఓడ ఎత్తుకొస్తే ఆ ఓడే వాళ్ళ చేత కేకు కోయించాలి. అది మా నౌకాదళం ఆచారం. పైనుంచి వచ్చేవాళ్ళకి కడుపులో తిప్పుతూ ఉంటుంది, ఒక్క ముక్క కూడా పూర్తిగా తినలేరు. అయినా ఆ ముగ్గురి కోసం భోజనాల బల్లంత కేకు చేయమన్నారు, చేశాను. పైన నీలం క్రీముతో పసిఫిక్ సముద్రం, మధ్యలో వాళ్ళు దిగొచ్చే క్యాప్సూల్, దాని చుట్టూ నారింజ రంగు పట్టీ.

ఆ పట్టీని మాత్రం ఇష్టంగా వేశాను. అసలు క్యాప్సూల్ మునిగిపోకుండా దాని చుట్టూ గాలిపట్టీ కట్టి, తలుపు తెరిచి, ముగ్గురినీ తెప్పలోకి దించే ఈతగాళ్ళలో మా బావమరిది డెల్ ఉన్నాడు. తలుపు దగ్గర నిలబడేది వాడే. వాళ్ళమ్మ పోయాక నా భార్య ఒపల్ వాణ్ణి చంకనేసుకుని పెంచింది. శాన్ డియేగోలో ఇరుగుపొరుగునంతా పోగేసి ఆ రోజు టీవీ ముందు కూర్చుంటానని చెప్పింది. తలుపు తీయగానే కెమెరా వైపు చెయ్యి ఊపుతానని వీడు ఆవిడకి మాటిచ్చాడు.

ఇక కమాండర్ క్రెన్‌షా సంగతి. కెప్టెన్ తర్వాత ఓడలో పెద్ద ఆయనే. కెమెరా వాళ్ళు ఓడెక్కిన రోజు నుంచీ రోజుకి రెండుసార్లు గడ్డం గీసుకుంటున్నాడు. ఓడలోని ఆసుపత్రిని కడిగించి, పొగ పెట్టించి, డాక్టర్లని లోపల పెట్టి తలుపు మూయించాడు. వ్యోమగాముల పరీక్షలు పూర్తయ్యేదాకా మనిషి గానీ, మందు గానీ, చిన్న దూదిముక్క గానీ ఆ తలుపు దాటకూడదు. వాళ్ళకి మా జలుబు అంటకూడదట. మాకు పంటి నొప్పి వచ్చినా, చెయ్యి కాలినా చూడటానికి పుట్నం అనే కాంపౌండర్‌ని బయట వదిలారు. అతనికి ఇచ్చిన చోటు నా పిండి గది. బస్తాల మధ్య ఒక మంచం, ఒక మందుల పెట్టె, అంతే.

క్యాప్సూల్ పొద్దున్నే దిగింది. పారాచూట్లు విచ్చుకున్నప్పుడు పైన జనం వేసిన కేకలు నా పొయ్యి దాకా వినిపించాయి. తర్వాత ఏం జరిగిందో డెల్ తోటి ఈతగాళ్ళు చెప్పారు. క్యాప్సూల్‌లో మిగిలిన ఇంధనం ఎర్రటి ఆవిరిగా బయటికి వస్తోందట. అలాంటప్పుడు గాలి వీచే వైపున ఆగి, అది చెదిరిపోయాకే దగ్గరికి వెళ్ళాలి. లేదా ముసుగు వేసుకుని వెళ్ళాలి. వీళ్ళు ఆగారు. హెలికాప్టర్ రేడియోలో క్రెన్‌షా గొంతు దిగింది. "ఏమిటా ఈత? స్నానాలకెళ్ళారా? దేశమంతా చూస్తోంది, కదలండి!" ముసుగులు వేసుకుంటామని అడిగితే, తలుపు దగ్గరుండేవాడి ముఖం కనబడాలన్నాడు. తలుపు దగ్గరుండేవాడు డెల్.

వాడు పట్టీ కట్టాడు. తలుపు తెరిచాడు. చెయ్యి కూడా ఊపాడు.

ఓడెక్కగానే తడి బట్టలతోనే నా దగ్గరికి వచ్చి గిన్నెలోని నీలం క్రీము వేలితో నాకాడు.

"ఒరేయ్, సముద్రం తినేయకు. కెప్టెన్‌కి లెక్క చెప్పాలి," అన్నాను.

"సముద్రం నాకు కొత్తా బావా? పొద్దుటి నుంచి తాగుతూనే ఉన్నా." నవ్వబోయి దగ్గాడు. "అక్క చూసుంటుందంటావా?"

"చూడకేం? వీధంతా వినబడేలా మావాడే, మావాడే అని అరిచుంటుంది."

"గొంతులో మిరియాల పొడి పోసినట్టుంది బావా. ఆ ఎర్ర గాలి కాస్త మింగాను."

కాఫీ ఇచ్చాను. తాగి, బాగానే ఉందన్నాడు. ఆ గాలి గుణమే అంత. మొదట దగ్గించి వదిలేస్తుంది, తర్వాత తీరిగ్గా ఊపిరితిత్తుల్లో నీరు ఊరేలా చేస్తుంది. మధ్యాహ్నానికి డెల్ పిండి గదిలో మంచం మీద కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళకి ఆనించి గాలి లాగుతున్నాడు. పెదాలు నల్లబడ్డాయి. నోటి చివర గులాబీ రంగు నురగ. నీళ్ళలో చేపపిల్లలా తిరిగేవాడు పొడినేల మీద, నా పిండి బస్తాల మధ్య, మునిగిపోతున్నాడు.

"ఆక్సిజన్ కావాలి," అన్నాడు పుట్నం. "డాక్టరు కావాలి. రెండూ లోపలే ఉన్నాయి."

ఆసుపత్రి తలుపు దగ్గరికి పరిగెత్తాను. తుపాకీ పట్టుకున్న కాపలావాడు క్రెన్‌షాని అడగమన్నాడు. క్రెన్‌షా హాలులో నా కేకు చుట్టూ తిరుగుతూ దీపాలు సర్దిస్తున్నాడు.

"సార్, డెల్‌కి ఊపిరి ఆడట్లేదు. తలుపు తీసినవాడు సార్."

"వాడి కాళ్ళ మీద వాడు నడిచి రాలేదూ?"

"పొద్దున వచ్చాడు సార్. ఇప్పుడు..."

"ఈతగాడన్నాక నాలుగు గుక్కలు నీళ్ళు మింగడా? పడుకోబెట్టు. కేకు అయ్యాక డాక్టర్ని పంపిస్తా."

"పోనీ, ఒక్క సిలిండరైనా ఇప్పించండి సార్."

"ఆ తలుపు తెరిస్తే రూలు పోతుంది. ముందు ఆ ఎడమ మూల క్రీము కారుతోంది, అది చూసుకో."

కేకు పక్కనున్న కత్తి చేతికొచ్చింది. కేకు కోసే కత్తే, మొద్దుది. పదునుంటే ఆ రోజు నేనేం చేసేవాణ్ణో నాకే తెలీదు. క్రీము సర్దాను.

ఇంతలో ఆసుపత్రి తలుపు తెరుచుకోనే తెరుచుకుంది. పరీక్షల మధ్యలో ముగ్గురినీ కేకు దగ్గరికి తీసుకొచ్చారు. కెమెరాల కోసమైతే రూలు పోదు. జలుబుకి కెమెరా అంటే భయం కాబోలు. వాళ్ళ వెనకాలే పెద్ద డాక్టరు. ఎక్కడికి వెళ్ళినా ఆ ముగ్గురినీ చేతికందే దూరం దాటి విడవకూడదని ఆయనకి ఉత్తర్వు. అది చూశాక నాకో ఆలోచన వచ్చింది. డాక్టరు నా మాట విని రాడు. కానీ వ్యోమగామి వస్తే వెనకే రాక తప్పదు.

వాళ్ళ నాయకుడు మెరిక్ మంచివాడని అందరూ అనేవారు. ప్లేటు అందిస్తూ అతని చెవిలో చెప్పేశాను. "సార్, పొద్దున మీకు తలుపు తీసినవాడు నా పిండి గదిలో చచ్చిపోతున్నాడు. ఒక్కసారి రండి. మీరొస్తే డాక్టరొస్తాడు."

మెరిక్ చెయ్యి ఆగింది. నా కళ్ళలోకి చూశాడు. నమ్మాడు, ఆ సంగతి నాకు తెలుస్తూనే ఉంది. "ఆ నవ్వుతూ ఉన్న కుర్రాడా?" అన్నాడు. లేవబోయాడు కూడా. అంతలో క్రెన్‌షా ఫోను తెచ్చి అతని చేతిలో పెట్టాడు. రాజధాని నుంచి. మెరిక్ ఫోను వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ఇది అయిపోగానే వస్తాను. ఒట్టు," అన్నాడు.

అది అవదే! అవతల పెద్దమనుషులు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుతున్నారు. వాతావరణం ఎలా ఉందంటారు, పైనుంచి భూమి ఎలా కనబడిందంటారు. మెరిక్ నవ్వుతూ జవాబులు చెప్తున్నాడు. కేకు ముక్కలు పంచుతున్నానే గానీ నా ప్రాణమంతా పిండి గదిలోనే ఉంది. ఆ ఫోను లాక్కుని నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు.

చివరికి ఫోను పెట్టేసి, మాటిచ్చినట్టే మెరిక్ లేచాడు. నడక తూలుతోంది, నా భుజం పట్టుకున్నాడు. వెనక డాక్టరు. సంగతి తెలుసుకున్న క్రెన్‌షా ఒక్క క్షణం మొహం మాడ్చి, అంతలోనే వెలిగిపోయాడు.

"తలుపు తీసినవాడికి కృతజ్ఞతలు! అద్భుతం! ఫోటో అబ్బాయేడీ? రమ్మనండి."

పిండి గదిలో పుట్నం డెల్ మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు. మమ్మల్ని చూసి చెయ్యి వదిలేసి తల అడ్డంగా ఊపాడు. డెల్ ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది.

డాక్టరు చేసిన మొదటి పని జేబులోంచి గుడ్డ ముసుగు తీసి మెరిక్ మూతికి కట్టడం. ఆ తర్వాతే మా వాడి కళ్ళు విప్పి చూసి, మళ్ళీ మూశాడు.

"ఆ మూతి తుడవండి," అన్నాడు క్రెన్‌షా. "దుప్పటి పైకి లాగండి. కళ్ళు మూసే ఉన్నాయిగా, అలిసి నిద్రపోయినట్టుంటుంది. మెరిక్ గారూ, ఆ ముసుగు ఒక్క నిమిషం తీసి, కుర్రాడి చెయ్యి పట్టుకోండి."

"ఇతను పోయాడు కమాండర్," అన్నాడు మెరిక్.

"మనందరికీ బాధే. కానీ వాళ్ళింట్లో వాళ్ళకి ఒక గుర్తు ఉండాలా వద్దా?"

మెరిక్ మోకాళ్ళ మీద కూర్చుని మా డెల్ చెయ్యి పట్టుకున్నాడు. ఫోటో అబ్బాయి అలవాటు కొద్దీ "ఇటు చూడండి సార్" అన్నాడు. నెలల తరబడి కెమెరాల ముందు నిలబెట్టి మప్పిన మనిషి. ఇటు చూశాడు. నవ్వాడు. ఫ్లాష్ ఆరాక రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నాడు. నేను అతన్ని తిట్టలేదు. ఓదార్చనూ లేదు.

ఓడ రేవు చేరి, ఊరేగింపు ముగిసేదాకా చావు కబురు బయటికి పోకూడదని ఉత్తర్వు వేశారు. ఫోటో మాత్రం ఆ రోజే పోయింది. డెల్‌ని మాంసం దాచే చల్లగదిలో పెట్టారు. రోజూ దాని పక్క నుంచే వెళ్ళి వెన్న తెచ్చుకున్నాను.

శాన్ డియేగో రేవులో బ్యాండు మోగుతోంది. జనంలోంచి ఒపల్ నన్ను గుర్తుపట్టి, పేపరు ఊపుతూ అందర్నీ తోసుకుంటూ వచ్చింది. మొదటి పేజీలోనే ఫోటో. కింద పెద్ద అక్షరాలు: అలిసి నిద్రించిన వీరుడికి కృతజ్ఞతలు.

"చూశావుటయ్యా? వీధిలో ఇంటింటికీ తిప్పాను! చిన్నప్పుడూ ఇంతే వెధవ, పక్కన బాంబు పడ్డా లేచేవాడు కాదు. అంత పెద్ద మనిషొచ్చి చెయ్యి పట్టుకుంటే నిద్రేమిటి? ఏడీ వాడు? చెవి మెలేస్తాను."

ఓడ మీది నుంచి క్రెన్‌షా చూస్తున్నాడు. చూడనీ అనుకున్నాను. ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను.

"వాడు లేడే ఒపల్. పోయాడు. ఆ ఫోటో తీసేటప్పటికే పోయాడు."

ఆవిడ ఏడవలేదు. నా చేతుల్లోంచి చేతులు లాక్కుని, పేపరు మడత విప్పి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత మెరిక్ ముఖం మీద వేలు పెట్టి నన్నడిగింది.

"మరి ఈయనెందుకు నవ్వుతున్నాడు?"