పెద్దమ్మ ఆకలి

పడవ నడిపే వదినది ఉడుంపట్టు. రొయ్యల బకెట్ ఇక పడవ ఎక్కదని ఆమె తేల్చి చెప్పి పద్దెనిమిది రోజులైంది. ఆ పద్దెనిమిది రోజులూ మరిది మొహం మాడ్చుకునే తిరిగాడు.

అతని బాధ ఉత్తిది కాదు. ఏళ్ల తరబడి అతను పడవ అంచు మీద మూడుసార్లు తట్టేవాడు. ఒంటినిండా చుక్కలున్న తిమింగల సొర ఒకటి పైకి వచ్చేది. దాని నోట్లో చిన్న రొయ్యలు కుమ్మరిస్తుంటే, చూడవచ్చినవాళ్లు నోళ్లు వెళ్లబెట్టేవారు. తిండి దగ్గర దానికి మొహమాటం లేదు కనుక ఇంట్లో అందరూ దాన్ని పెద్దమ్మ అనేవారు. తట్టగానే పడవ దగ్గరికి రావడం అలవాటై, పోయిన నెల ఇంజను రెక్క తగిలి దాని వీపు చీలింది. నీళ్లలో ఆ ఎరుపు చూశాక వదినకు రెండు రోజులు అన్నం సహించలేదు.

"మనం పెట్టకపోతే అది ఏం తింటుంది వదినా? మప్పింది మనమే కదా!" అన్నాడు మరిది. ఆ మాట ఆమెకు చురుక్కుమంది. ఆమె భయమూ అదే మరి.

"శనివారం దాకా ఆగు. అది సొంతంగా మేయడం నీకు చూపించలేకపోతే, నీ బకెట్ నువ్వు తెచ్చుకో."

చేపలు గుడ్లు వదిలే చోటికి ఆ సొరలు మేతకు వస్తాయని ఆమెకు తెలుసు. రోజూ తెల్లవారగానే పల్చటి గుడ్డ సంచిని నీళ్లలో ఈడ్చి చూసేది. నాచు తప్ప ఏమీ పడేది కాదు. శనివారం మాత్రం సంచి బరువుగా లేచింది. లోపల రవ్వలాంటి చేపగుడ్లు. అల్లంత దూరంలో పెద్దమ్మ నిటారుగా నిలబడి, నోరు తెరిచి గుటకలు వేస్తోంది.

మరిది సంతోషం పట్టలేక, అలవాటు కొద్దీ, పడవ అంచు మీద మూడుసార్లు తట్టేశాడు.

అది మేత వదిలేసి పడవ వైపు వచ్చేసింది. ఇంజను ఇంకా తిరుగుతోంది.

"ఎంత పని చేశావయ్యా!" వదిన ఒక్క ఉదుటున వెళ్లి ఇంజను ఆపింది.

పెద్దమ్మ పడవ పక్కన నోరు తెరుచుకుని నిలబడింది. మరిది తల దించుకుని తన అన్నం డబ్బా తీశాడు. అందులో అన్నం లేదు, రొయ్యలున్నాయి.

వదిన మూత మీద చెయ్యి గట్టిగా అదిమింది. "కాసేపు ఓర్చుకో." ఆమె చెయ్యి తీయలేదు.

పెద్దమ్మ ఉత్త నీళ్లే నాలుగు గుటకలు మింగింది. ఇంకాసేపు చూసింది. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగి, గుడ్లున్న చోటికే వెళ్లి మళ్లీ నోరు తెరిచింది.

చాలాసేపటికి వదిన కళ్లు తుడుచుకుని, "ఇక ఇంటికి పోదామా? ఇంజను వేస్తాను," అంది.

"వద్దు వదినా," అన్నాడు మరిది, తెడ్లు అందుకుంటూ. "దాన్ని తిననీ."