పెద్దమ్మ పాలు

అంగన్‌వాడీ గదిలో దూలానికి వేలాడదీసిన తూకం సంచీలోంచి పిల్లాణ్ణి బయటికి తీసి, ముల్లు సున్నా దగ్గరికి వచ్చిందో లేదో చూసుకుంది నర్సు సుహాసిని. మళ్ళీ సంచీలో వేసింది. ముల్లు పోయి ఇందాకటి చోటే నిలబడింది.

"నాలుగున్నర కిలోలు. పుట్టినప్పుడు రెండున్నర కూడా నేడు గదా ఈడు! నెల తిరిగీసరికి ఏటే ఈ ఒళ్ళు? ఏటి పెడతన్నావు దుర్గా?"

"ఏటి పెడతాను? నా పాలే."

"డబ్బాపాలు గానీ, ఇంకోటి గానీ..."

"ఏటీ నేదు. నా పాలే," అని గట్టిగా అంది దుర్గ. గుమ్మం బయట కూర్చున్న ఆడవాళ్ళకి కూడా వినపడాలని అంది.

"అలాగైతే బయం నేదు. రొమ్ముపాలు తాగిన పిల్లలు మొదట్లో ఇలాగే గబగబా పెరుగుతారు. కొందరు మరీను." సుహాసిని పిల్లాడి బుగ్గ పుణికి చేతికిచ్చింది.

దుర్గ వాడికి తల్లి కాదు, పెద్దమ్మ.

పూసపాటిరేగ దాటి సముద్రం దాకా పోయే రోడ్డు చివర వాళ్ళ ఊరు. మరిడమ్మ ఇంట్లో ఇద్దరు కోడళ్ళకీ ఒకేసారి నెలలు నిండాయి. పెద్దకోడలు దుర్గ ముందు కన్నది. ఆడపిల్ల. రెండు గుక్కలు తాగితే చెమటలు పట్టి, అలిసిపోయి నిద్రపోయేది. పట్టుకున్న చేతుల్లోనే రోజురోజుకీ చిక్కిపోయింది. గుండెలో కన్నం ఉందన్నారు డాక్టర్లు. విశాఖ తీసుకెళ్ళే ఏర్పాట్లు చేసుకుంటూ ఉండగానే, పురిటిస్నానమైనా కాకుండానే పిల్ల పోయింది. దుర్గ మొగుడు ధనరాజు గుజరాత్‌లో, వెరావల్ బోట్ల మీద ఉన్నాడు. వేట మధ్యలో ఒడ్డుకి రాలేకపోయాడు. కూతుర్ని ఫోనులో చూడడమే.

ఆ రోజు మరిడమ్మ గుండెలు బాదుకుంటూ, "గంజినీల్ల నాగున్నాయి దీని పాలు. పిల్లెలగ బతుకుతాది?" అంది. కావాలని అన్నది కాదు. ఏడుపులో వచ్చిన మాట. కానీ ఊరంతా విన్నది. దుర్గా విన్నది. డాక్టర్లు చెప్పింది ఎవరికీ గుర్తులేదు, ఈ మాట మాత్రం అందరికీ గుర్తుండిపోయింది.

తరవాత కొద్ది రోజులకే చిన్నకోడలు రేఖకి నొప్పులతో పాటు ఫిట్స్ వచ్చాయి. బిడ్డని తీశారు గానీ, ఆమెకి తెలివి రాలేదు. విజయనగరం నుంచి విశాఖ పంపించారు. మొగుడు వెంకీ ఆమెతో వెళ్ళాడు. మరిడమ్మ పసివాణ్ణి తువ్వాల్లో చుట్టుకుని ఇంటికి తెచ్చింది. వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే ఏం చెయ్యాలో తోచక, గోడ వైపు తిరిగి పడుకున్న దుర్గ పక్కన పడుకోబెట్టి, బయటికి వెళ్ళిపోయింది.

దుర్గ జాకెట్టు అప్పటికే తడిసి ఉంది. బిడ్డ పోయిన సంగతి రొమ్ములకి తెలియలేదు. వాడు నోరు పెట్టి లాగిన మొదటి గుక్కకి దుర్గకి పట్టరాని కోపం వచ్చింది. ఆ లాగడంలో అంత బలం! తన పిల్లకి ఇందులో సగం ఉన్నా బతికేది కదా అనిపించింది. తీసి పక్కన పడేద్దామనుకుంది. పడెయ్యలేదు. వాడు తాగినంతసేపూ ఏడ్చింది.

అలా మొదలైంది. కొన్నాళ్ళకి వాడి ముడతలు పూడుకున్నాయి. మణికట్టు దగ్గర దారం కట్టినట్టు గీత పడింది. గెడ్డం కింద ఇంకో గెడ్డం వచ్చింది. వాడికి ఒళ్ళు వచ్చే కొద్దీ దుర్గ వాణ్ణి ఎత్తుకుని వీధి చివరి దాకా నడిచేది. ఎవరూ అడక్కపోయినా ఆగి చూపించేది. వాడు నిద్రపోతున్నా లేపి పట్టేది. నా పాలల్లో ఏ లోటూ లేదు, చూడండి, అని నోటితో అనలేని మాటని వాడి ఒంటితో అనిపించింది.

సుహాసిని తూకం వేసిన వారానికి రేఖ ఇంటికి వచ్చింది. ఆటో దిగి గోడ పట్టుకుని నడిచింది. దుర్గ ఒళ్ళో ఉన్న పిల్లాణ్ణి చూసి, ఎవరో పొరుగింటి పిల్లాడనుకుని లోపలికి చూపు తిప్పింది.

"ఈడేనే నీ కొడుకు," అంది మరిడమ్మ.

"ఈడేటి? ఇలగున్నాడేటి?" రేఖ దగ్గరకొచ్చింది. చెయ్యి చాచింది గానీ ముట్టుకోలేదు. "ఒళ్లేటప్పా ఇది?" అని తోడికోడల్ని అడిగింది.

"ఒళ్ళు సేసినాడు. మరేటి!" అంది దుర్గ నవ్వుతూ.

ఆ మాటకి రేఖ మొహం పాలిపోయింది. ఎందుకో దుర్గకి ఆ క్షణంలో తట్టలేదు. కడుపుతో ఉన్న ఆఖరి నెలలో రేఖ ఉన్నట్టుండి లావెక్కింది. కాళ్ళూ మొహం నిండుగా ఉబ్బాయి. చిన్నది ఒళ్ళు చేసింది, మగపిల్లాడే అని ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. రేఖా మురిసింది. అది ఒళ్ళు కాదు, నీరు. ఫిట్స్ వచ్చి పడిపోయాకే తెలిసింది.

రేఖకి పాలు పడలేదు. అయినా బిడ్డకి రొమ్ము పట్టిస్తూ ఉండమనీ, మెల్లగా పాలు పడొచ్చనీ డాక్టరు చెప్పి పంపాడు. ఆమె పట్టబోతే వాడు మొహం తిప్పుకుని, ఎర్రబడి, గోల చేసి, దుర్గ గొంతు వినపడ్డ వైపు తల తిప్పేవాడు. రేఖ వాణ్ణి అందించేసి చాప మీద అటు తిరిగి పడుకునేది. అలా వాడు తన వైపు తిరిగిన ప్రతిసారీ దుర్గ లోపల ఎక్కడో సంతోషించింది. ఆ సంతోషానికి సిగ్గుపడింది కూడా. కానీ సంతోషం మానలేదు.

రేఖ రోజంతా వాడి పాదాలు నొక్కి చూసేది. వాడి ఊపిరి గురగురమంటే లేచి కూర్చునేది. "ఇది ఒళ్ళు కాదప్పా, వాపు. నా నాగే ఉబ్బతన్నాడు," అనేది. చివరికి వెంకీ విజయనగరంలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన గుండె విన్నాడు, పొట్ట నొక్కాడు, ఉచ్చ పరీక్ష చేయించాడు. బిడ్డ బంగారంలా ఉన్నాడు, పాలు ఎంత అడిగితే అంత ఇవ్వండి, తగ్గించొద్దు అన్నాడు.

"ఇంకేటి మరి!" అన్నాడు వెంకీ బయటికొచ్చాక.

"నన్ను సూసి కూడా అందరూ బాగుందనే అన్నారు," అంది రేఖ.

ఆ మర్నాటి నుంచి రేఖ మాట మీద పాలు పొద్దున ఓసారి, మధ్యాహ్నం ఓసారి, దీపాలు పెట్టాక ఓసారి. అంతే. మధ్యలో ఏడిస్తే పంచదార నీళ్ళు. మరిడమ్మ వద్దని ఓ మాట అంది. కానీ చచ్చి బతికిన కోడలితో గొడవ పెట్టుకోలేకపోయింది. దుర్గ పెరట్లోకి వెళ్ళి, సలుపుతున్న రొమ్ముల్ని ఇసకలోకి పిండుకునేది. లోపల వాడి ఏడుపు వినపడుతుంటే పాలు వాటంతటవే కారేవి.

మరిడమ్మ చేపలు తూచే కాటా ఇంట్లోనే ఉంది. రేఖ దాన్ని కడిగి, మీద చీరముక్క పరిచి, పొద్దున్నే వాణ్ణి పడుకోబెట్టి చూసేది. అంకె తగ్గలేదు. పెరుగుతూనే ఉంది.

"పాలు తగ్గించినా పెరుగుతన్నాడంటే ఏటర్దం అప్పా? నీరు గాక మరేటి?" అని దుర్గ చెయ్యి పట్టుకుని అడిగింది ఒకరోజు.

దుర్గకి తెలుసు. రేఖ స్నానానికి వెళ్ళినప్పుడు, మందులు వేసుకుని మగతగా పడుకున్నప్పుడు, వలలు పెట్టుకునే పాకలోకి వాణ్ణి తీసుకుపోయి కడుపునిండా పడుతోంది. ఆ మాట చెప్పేస్తే రేఖ భయం ఆ నిమిషమే పోతుంది. పాకకి తాళం కూడా పడుతుంది.

"నాకేటి తెలుసు," అని చెయ్యి విడిపించుకుంది.

ఎక్కువ రోజులు సాగలేదు. ఒక మధ్యాహ్నం రేఖ మగతలోంచి లేచి, పిల్లాడు కనపడక, వెతుక్కుంటూ పాక తలుపు తీసింది. దుర్గ వలకుప్ప మీద కూర్చుని ఉంది. పిల్లాడి నోటి చివర్ల నుంచి పాలు కారుతున్నాయి.

రేఖ అరవలేదు. వచ్చి వాణ్ణి లాక్కుంది. ఆ తరవాత వాకిట్లో నిలబడి అరిచింది. వీధి వీధంతా వచ్చింది.

"నీ గుంట పోనాదని నా గుంటడ్ని సంపుతావేటి? దాని బరువు కూడా ఈడి మీదే ఏసినావు! ఇద్దరి పాలు ఒక్కడికి పోస్తే ఉబ్బడా మరి?"

అది నీరు కాదు, రోజూ ఇస్తున్న పాలేనని దుర్గ చెప్పడానికి అదే సమయం. చెప్పలేదు. ఇద్దరి పాలు అన్న మాట దగ్గరే ఆమె మనసు ఆగిపోయింది.

సాయంత్రం మరిడమ్మ ఫోను చేసి దుర్గ తండ్రి సూరయ్యని రమ్మంది. "నాల్రోజులు కన్నోరింట్లో ఉండు తల్లీ. చిన్నదాన్ని కూడా సూడాలి గదా," అంది మొహం చూడకుండా.

కళింగపట్నం దగ్గర కన్నవారింట్లో దుర్గకి పాలు గడ్డకట్టి జ్వరం వచ్చింది. రొమ్ములు రాళ్ళలా అయ్యాయి. మేనత్త అప్పుడప్పుడే శ్రీకాకుళం బజారులోకి వస్తున్న మల్లెపూలు తెప్పించి, రొమ్ములకి ఆనించి గుడ్డతో గట్టిగా కట్టింది. "పాలు ఆరిపోనీయే. ఎవులి కోసం ఇంక?" అంది. దుర్గ అడ్డు చెప్పలేదు. వాడిపోయిన పూలు తీసి తనే కొత్తవి కట్టుకుంటూ వచ్చింది. జ్వరం తగ్గింది. పాలూ తగ్గాయి.

వెంకీ బండి మీద వచ్చేసరికి ఆమె జాకెట్టు పొడిగా ఉంది.

"వొదినా, గుంటడు విజయనగరం ఆసుపత్రిలో ఉన్నాడు. వాంతులు, ఇరేచనాలు. నువ్వు రాయే," అన్నాడు. బండి దిగలేదు, స్టాండు కూడా వెయ్యలేదు. దారిలో చెప్పాడు. రేఖ డబ్బాపాలు పట్టింది. ఒళ్ళు తగ్గుతుందని చెంచాడు పొడి వెయ్యాల్సిన చోట అరచెంచా వేసింది. దానికి తోడు సీసా ఎక్కడ పాడయిందో ఏమో.

వార్డులో వాణ్ణి దుర్గ గుర్తుపట్టలేదు. కళ్ళు లోపలికి పోయాయి. మాడు పల్లంగా దిగిపోయింది. పాదానికి సెలైను గుచ్చారు. మణికట్టు మీది గీత లేదు, అక్కడ తోలు వదులుగా వేలాడుతోంది. రేఖ మంచం కింద నేల మీద కూర్చుని ఉంది.

"తల్లిపాలు ఇవ్వగలిగేవాళ్ళుంటే ఇప్పించండి, తొందరగా తేరుకుంటాడు," అంది డ్యూటీ డాక్టరు.

రేఖ తలెత్తింది. "ఇయ్యప్పా," అంది. "ఎంత కావాలంటే అంత ఇయ్యి."

దుర్గ వాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. బరువు తెలియలేదు. వాడు వాసన పట్టాడు, నోరు తెరిచాడు, పట్టుకున్నాడు. లాగాడు. ఆగాడు. మళ్ళీ లాగాడు. వదిలేసి ఆమె మొహంలోకి చూసి, కన్నీళ్ళు కూడా రాని ఏడుపు ఏడ్చాడు.

"రావట్లేదే," అంది దుర్గ. "పూలు కట్టీసుకున్నాను. ఆరిపోనాయి."

అప్పుడు దుర్గకి చెప్పకుండా ఉండడం చేతకాలేదు.

"నువ్వు పాలు తగ్గించినా ఈడు పెరిగినాడు గదా. నీరు కాదే అది. నువ్వు సూడకుండా రోజూ ఇచ్చినాను. పాకలో నువ్వు సూసిన్రోజే కాదు, మొదట్నుంచీ. నువ్వు కాటా సూసి బయపడతంటే నాకు తెలుసు."

"తెలిసీ సెప్పనేదేటి?"

"సెప్తే ఇయ్యనీవు."

"నాకు పాలొస్తే నాను మాత్రం ఈడ్ని నీకు ఇత్తునా," అంది రేఖ. మోకాళ్ళ మీద తల పెట్టుకుంది.

పిల్లాడు బతికాడు. నర్సులు చెప్పినట్టు దుర్గ రొమ్ముకి పట్టి పట్టి చూసింది. కొన్ని చుక్కలు వచ్చాయి. అవి చాలలేదు. డబ్బాపాలు సరిగ్గా కలిపి పట్టడం రేఖ నేర్చుకుంది. వాడు ఇంటికి వచ్చాడు గానీ మళ్ళీ ఆ ఒళ్ళు రాలేదు. చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడి ఏడ్చేవాడు. తోడికోడళ్ళిద్దరూ ఒకే పొయ్యి మీద వండుకున్నారు, ఒకే పళ్ళెంలో చేపలు కడుక్కున్నారు. పెద్దగా మాట్లాడుకునేవారు కాదు.

వేట నిషేధం మొదలయ్యాక ధనరాజు వెరావల్ నుంచి వచ్చాడు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, "పిల్లనెక్కడెట్టినారు?" అని అడిగాడు. దుర్గ అతన్ని సరుగుడు తోట అవతలికి తీసుకెళ్ళింది. గాలికి ఇసక దిబ్బ కదిలిపోయింది. అక్కడ ఉంచిన రాయి ఎటు పోయిందో తెలియలేదు. ఈ పక్కనే అని చూపించింది. ధనరాజు ఆ పక్కన కూర్చున్నాడు.

"ఫోన్లో సరిగ్గా తెల్నేదు. ఎంతుండేదే?" అన్నాడు.

దుర్గ రెండు చేతులూ ఎడంగా పెట్టి చూపించింది. ధనరాజు ఆ చేతుల మధ్య ఖాళీ వైపు చూశాడు. దుర్గా చూసింది. పిల్ల అంత లేదు. ఆ చూపించింది రేఖ కొడుకు పొడుగు, రేఖ వచ్చిన రోజు తన ఒళ్ళో ఉన్నంత.

చేతులు దగ్గరికి జరిపింది. ఇంకా కొంచెం జరిపింది. ఎక్కడ ఆపాలో ఆమెకి గుర్తురాలేదు.